యాడ్ మొదలుపెట్టే ముందు: అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీళ్ళ ఫిల్టర్ల వ్యాపారానికి వచ్చే నెల నుంచి యాడ్స్ మొదలుపెడుతున్నానని, ఎక్కడ ఎంత పెట్టాలో చెప్పమని రాశావు. ఎక్కడ అన్న మాటకి కాస్త ఆగి వస్తాను. యాడ్స్ మీద పోయే డబ్బులో ఎక్కువ భాగం యాడ్ బాగా లేక పోదు తల్లీ. మొదలుపెట్టకముందు వేసుకోవలసిన లెక్క వేసుకోక కొంత పోతుంది, చూసి వచ్చినవాళ్ళని సరిగ్గా అందుకోక మిగతాది పోతుంది. అందుకే యాడ్‌కి ముందూ వెనకా ఉండే పనుల గురించే ఎక్కువ రాస్తున్నాను. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకుని చదువు.

ముందు ఒక్క అంకె తేల్చుకో. ఒక కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? ఇది తెలియకుండా బడ్జెట్ ఊసెత్తకూడదు. ఫిల్టర్ అమ్మకం ధర 100 అనుకుందాం. సరుకు ఖరీదు 55. బిగించే మనిషి కూలీ, రాకపోకలు 15. పేమెంట్ ఛార్జీలు, వారంటీ కింద మార్చి ఇచ్చే భాగాలు కలిపి 5. మిగిలేది 25. అద్దె, జీతాలు, నీ లాభం అన్నీ ఈ 25లోంచే రావాలి. అది మొత్తం యాడ్‌కి పెడితే అమ్మకాలు పెరుగుతాయి కానీ చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి సగం దగ్గర, అంటే 12 దగ్గర గీత గీసుకో. చాలామంది ఇక్కడ సరుకు ఖరీదు ఒక్కటే తీసేసి 45 మిగిలిందనుకుంటారు. ఆ 45ని నమ్ముకుని యాడ్‌కి 30 పెట్టి, అమ్మిన ప్రతి ఫిల్టర్ మీదా 5 పోగొట్టుకుంటారు. అమ్మకాలు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. రోజూ డబ్బు వస్తూనే ఉంటుంది కాబట్టి సరుకు ఇచ్చినవాళ్ళు బాకీ అడిగేదాకా అది బయటపడదు.

ఏటా సర్వీసు కూడా చేస్తాం కదా, ఆ డబ్బు లెక్కలోకి రాదా అంటావు. వస్తుంది. సర్వీసు మీద ఏడాదికి 15 మిగులుతుందనుకో. మొదట కొన్న 100 మందిలో 60 మంది రెండో ఏడు, 36 మంది మూడో ఏడు సర్వీసు తీసుకుంటే, తలకి సగటున 9, ఆ తర్వాత 5.4 వస్తాయి. మూడేళ్ళలో ఒక కస్టమర్ వల్ల మిగిలేది 39.4. దీన్ని బట్టి యాడ్ గీతని 12 నుంచి 18కి జరపవచ్చనిపిస్తుంది. జరిపే ముందు రెండు విషయాలు చూడు. ఆ 60, 36 అనేవి నీ పుస్తకంలోంచి వచ్చిన అంకెలై ఉండాలి, ఆశలోంచి వచ్చినవి కాకూడదు. రెండోది, సర్వీసు డబ్బు ఏడాది తర్వాత వస్తుంది, యాడ్ బిల్లు ఈ నెలే కట్టాలి. లాభంలో ఉండి కూడా చేతిలో పైకం లేక మూతపడిన వ్యాపారాలకి లెక్కే లేదు. మొదటి ఏడాది 12 మీదే ఉండు.

ఇప్పుడు ఆ 12ని వెనక్కి లాక్కుంటూ వెళ్ళు. ఫోన్ చేసి వివరాలు అడిగిన నలుగురిలో ఒకరు కొంటున్నారనుకో. అప్పుడు ఒక ఎంక్వైరీకి 3 కంటే ఎక్కువ పెట్టకూడదు. నీ పేజీకి వచ్చిన 100 మందిలో ఐదుగురు ఎంక్వైరీ పంపితే, ఒక క్లిక్‌కి 0.15 మించకూడదు. ఎవరైనా వచ్చి క్లిక్ 0.4కి ఇప్పిస్తాను అంటే, అది నీకు కుదిరే బేరమో కాదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూడు. నలుగురిలో ఒకరు కొనే చోట ముగ్గురిలో ఒకరు కొన్నారంటే, అదే యాడ్‌తో, అదే ఎంక్వైరీ ఖర్చుతో, ఒక అమ్మకానికి అయ్యేది 12 నుంచి 9కి దిగుతుంది. యాడ్‌లో ఏ రంగు మార్చినా, ఏ ఫొటో మార్చినా ఒక్క దెబ్బకి నాలుగో వంతు ఖర్చు తగ్గడం చాలా అరుదు. ఫోన్ ఎత్తే తీరు మారితే తగ్గుతుంది.

కాబట్టి ఆ పనే ముందు చెయ్యి. యాడ్‌లో ఇచ్చే నంబరు ఎవరి చేతిలో ఉంటుంది? ఆ మనిషి బిగింపు పనిలో ఉన్నప్పుడు ఎవరు ఎత్తుతారు? ఫిల్టర్ కావాలనుకున్న మనిషి వరసగా ముగ్గురికి ఫోన్ చేస్తాడు, ముందు మాట్లాడినవాడి దగ్గరే సగం మనసు పెట్టేస్తాడు. మిస్డ్ కాల్‌కి సాయంత్రం తీరిగ్గా ఫోన్ చేస్తే, అప్పటికే కొనేశామని చెబుతారు. పనివేళల్లో పది నిమిషాల్లోపు తిరిగి ఫోన్ వెళ్ళేలా ఏర్పాటు ఉంటేనే యాడ్ మొదలుపెట్టు. ఎత్తిన మనిషి దగ్గర ఒక షీటు ఉండాలి: తేదీ, పేరు, ఎక్కడ చూసి ఫోన్ చేశారు, ఇంట్లో ఎంతమంది, నీళ్ళు బోరువా కుళాయివా, ధర చెప్పామా, మళ్ళీ ఎప్పుడు ఫోన్ చేయాలి, కొన్నారా, కొనకపోతే ఎందుకు. ఈ ఆఖరి గడి ఖాళీగా వదలనివ్వకు. రెండు నెలల తర్వాత నీ యాడ్‌లో ఏం రాయాలో ఆ గడే చెబుతుంది.

ఏం రాయాలన్నది ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తేలదు. ఈ మధ్య కొన్నవాళ్ళలో పది పన్నెండు మందితో ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడు. మా ఫిల్టర్ నచ్చిందా అని అడగకు, మొహమాటానికి నచ్చిందనే అంటారు. మళ్ళీ కొంటారా అని కూడా అడగకు. జరిగిపోయినదాని గురించి అడుగు. ఫిల్టర్ కొనాలని మొదట ఏ రోజు అనిపించింది, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది? ఇంకా ఏవేవి చూశారు? ఎన్నాళ్ళు వాయిదా వేశారు, ఎందుకు? డబ్బు కట్టే ముందు ఏ అనుమానం పీకింది? వాళ్ళు వాడిన మాటల్ని వాళ్ళ మాటల్లోనే రాసుకో. గిన్నెల మీద తెల్లటి మచ్చలు పోవట్లేదని ఒకరు అంటారు. పాప పుట్టాక భయం వేసిందని ఇంకొకరు అంటారు. పాత కంపెనీవాళ్ళు అమ్మేశాక మళ్ళీ ముఖం చూపించలేదని మూడో మనిషి అంటారు. ఈ ముగ్గురికీ ఒకే యాడ్ పనికిరాదు. మూడో మాట పదేపదే వినిపిస్తే మాత్రం, నువ్వు అమ్ముతున్నది ఫిల్టర్ కంటే కూడా, పిలిస్తే వచ్చే మనిషిని అని అర్థం చేసుకో.

అడగవలసిన ప్రశ్న అడగకపోతే పెద్ద కంపెనీలకైనా దెబ్బ తగులుతుంది. 1985 ఏప్రిల్‌లో కోకాకోలా తన పానీయం రుచి మార్చింది. అంతకుముందు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించి పరీక్షించింది, ఎక్కువమంది కొత్త రుచే బాగుందన్నారు. పాతది ఇక దొరకదంటే మీకెలా ఉంటుంది అన్న ప్రశ్నకి మాత్రం ఆ పరీక్షలు తగినంత చోటు ఇవ్వలేదు. జనం తిరగబడ్డారు, 79 రోజులకి పాత పానీయం మళ్ళీ వచ్చింది. గుక్కెడు తాగి చెప్పిన అభిప్రాయం వేరు, ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు వేరు.

యాడ్‌లో మాట ఎలా ఉండాలంటే, అబద్ధమైతే ఎవరైనా పట్టుకోగలిగేలా ఉండాలి. 'అత్యుత్తమ నాణ్యత', 'నమ్మకానికి మారుపేరు' లాంటివి ఎవరూ కాదనరు, ఎవరూ పట్టించుకోరు. ఒక చిన్న పరీక్ష ఉంది: నీ యాడ్‌లో నీ పేరు కొట్టేసి పోటీవాడి పేరు రాయి. అప్పటికీ అంతే చక్కగా కుదిరితే, ఆ యాడ్ పనికిరాదు. 'పిలిచిన 24 గంటల్లో మా మనిషి వస్తాడు, రాకపోతే ఆ సర్వీసుకి డబ్బు తీసుకోం' అన్నావనుకో, అది నీకు మాత్రమే అతుకుతుంది. కానీ ఆ మాట యాడ్‌లోకి వెళ్ళే ముందు, గడిచిన మూడు నెలల సర్వీసు పుస్తకం తీసి చూడు. 100 పిలుపుల్లో 95కి 24 గంటల్లో వెళ్ళి ఉంటేనే అను. 70కి వెళ్ళి ఉంటే 48 గంటలని చెప్పు.

అందరూ చేసేదైనా ఎవరూ చెప్పనిది ఉంటే, ముందు చెప్పినవాడిది అవుతుంది. గత శతాబ్దపు తొలినాళ్ళలో క్లాడ్ హాప్కిన్స్ అనే యాడ్ రచయిత అమెరికాలో ష్లిట్జ్ బీరుకి ఇదే చేశాడు. సీసాలు ఎలా శుభ్రం చేస్తారో, నీళ్ళు ఎంత లోతు బావి నుంచి తోడతారో వివరంగా రాశాడు. తక్కిన బీరు కంపెనీలూ అవే పనులు చేసేవి. చెప్పింది మాత్రం ఇతనొక్కడే. నువ్వు ఫిల్టర్ బిగించేటప్పుడు గొట్టాల జాయింట్ల దగ్గర పొడి కాగితం పెట్టి కారుతోందేమో చూస్తావు, మొదటి కొన్ని లీటర్లు పారబోయిస్తావు, కార్ట్రిడ్జ్ (లోపల నీళ్ళని వడకట్టే, మార్చుకునే భాగం) మీద బిగించిన తేదీ రాస్తావు. పనిలో ఉన్నవాళ్ళకి ఇవి మామూలు. కొనేవాళ్ళకి ఇవి తెలియవు, తెలిస్తే ధైర్యం వస్తుంది.

లోపం ఉంటే అదీ చెప్పు. 1960లో ఫోక్స్‌వ్యాగన్ ఒక కారు బొమ్మ వేసి దాని కింద అది పనికిరాని కారని ఒక్క మాట రాసింది. డాష్‌బోర్డు అర తలుపు మీద ఉండే పట్టీకి చిన్న మచ్చ పడిందని ఆ కారుని పక్కన పెట్టేశారట. వోల్ఫ్స్‌బుర్గ్ ఫ్యాక్టరీలో 3,389 మంది పని కేవలం తనిఖీ చేయడమేనని కూడా రాశారు. 'వేలమంది' అని రాసి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. నీ ఆర్‌వో మెషీన్లు కొంత నీటిని బయటికి వదిలేస్తాయి కదా, అది నీ పేజీ మీదే రాయి. ఎంత పోతుందో, ఆ నీటిని దేనికి వాడుకోవచ్చో, ఎలాంటి నీళ్ళున్న ఇంటికి ఆర్‌వో అసలు అక్కర్లేదో కూడా రాయి. అక్కర్లేనివాళ్ళు ఫోన్ చేయరు, నీకు ఎంక్వైరీ ఖర్చు మిగులుతుంది. కావలసినవాళ్ళు నిన్ను నమ్ముతారు.

ఈ వ్యాపారంలో భయపెట్టి అమ్మే అలవాటు ఎక్కువ. నీళ్ళలో రెండు కడ్డీలు పెట్టి కరెంటు పంపి, నీళ్ళు గోధుమరంగు మడ్డిగా మారాక 'ఇవండీ మీరు తాగుతున్నవి' అని చూపిస్తారు. ఆ మడ్డి నీళ్ళలోది కాదు, ఇనప కడ్డీ కరిగి వచ్చింది. ఆర్‌వో నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగ్గా పారదు, రంగు మారదు. టీడీఎస్ మీటర్ కూడా అంతే. అది కరిగి ఉన్న లవణాల్ని కొలుస్తుంది, క్రిముల్ని కాదు. ఇవేవీ నీ వీడియోల్లో కనపడనివ్వకు. ఎప్పుడో ఒకప్పుడు కస్టమర్ కొడుకో కూతురో సైన్సు పుస్తకంలో చదువుకుని వచ్చి అడుగుతారు, ఆ రోజు నువ్వు చెప్పిన నిజాలు కూడా అబద్ధాలైపోతాయి. వాళ్ళు ఆ కిటుకు చూపిస్తుంటే నువ్వు అందులో ఏం జరుగుతుందో విడమరిచి చెప్పే వీడియో పెట్టు. అంతకన్నా మంచి యాడ్ నీకు దొరకదు.

డిస్కౌంట్ దగ్గరికి వద్దాం. నీకు 100 మీద మిగిలేది 25. ధర 10 తగ్గిస్తే మిగిలేది 15. పాత లాభమే రావాలంటే 100 ఫిల్టర్లకి బదులు 167 అమ్మాలి. 20 తగ్గిస్తే మిగిలేది 5, అప్పుడు 500 అమ్మాలి. అన్ని బిగించడానికి మనుషులున్నారా? ధర తగ్గించే బదులు ఏదైనా చేర్చి ఇవ్వు. నీకు 4 ఖర్చయ్యే మొదటి కార్ట్రిడ్జ్ మార్పు కొనేవాళ్ళ కంట్లో 10 విలువ చేస్తుంది, పైగా ఆరు నెలల తర్వాత నువ్వు వాళ్ళింటికి వెళ్ళే దారి కూడా తెరుస్తుంది. ఏ ఆఫర్ అయినా ప్రకటించే ముందు, వచ్చినవాళ్ళందరూ దాన్ని వాడుకుంటే ఎంతవుతుందో లెక్క వేయి. 1992లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీ 100 పౌండ్ల సరుకు కొంటే రెండు విమాన టికెట్లు ఉచితం అంది. షరతులు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారనుకుంది. టికెట్ల విలువ సరుకు కంటే ఎక్కువ కాబట్టి జనం టికెట్ల కోసమే వాక్యూమ్ క్లీనర్లు కొన్నారు. ఆ ఆఫర్ కంపెనీకి దాదాపు 5 కోట్ల పౌండ్ల నష్టం తెచ్చింది, కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి.

ఇక ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న. ఫిల్టర్ కావాలని ఇప్పుడే వెతుకుతున్నవాళ్ళు కొద్దిమంది, వాళ్ళు సెర్చ్‌లో దొరుకుతారు. ఇవాళ అక్కర్లేకపోయినా ఏడాదిలోపు కావలసివచ్చేవాళ్ళు చాలామంది, వాళ్ళకి నీ పేరు వీడియోల్లో, హోర్డింగుల మీద, పక్కింటివాళ్ళ నోటి ద్వారా తెలుస్తుంది. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు సెర్చ్‌తో మొదలుపెట్టు. వెతికేవాళ్ళందరికీ నువ్వు కనపడుతున్నావనిపించాకే రెండో వైపు వెళ్ళు. అప్పుడు మాత్రం దాన్నుంచి వారంలో ఎంక్వైరీలు రాలేదని ఆపకు. ఆ పని ఫలితం నెలల మీద వస్తుంది.

గూగుల్ సెర్చ్ క్యాంపెయిన్ తెరిచేటప్పుడు ముందే టిక్ పెట్టి ఉండే గడుల్ని ఒక్కొక్కటే చూడు. డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో బొమ్మలుగా కనిపించే యాడ్స్) తీసేయి. లొకేషన్ దగ్గర నీ ప్రాంతంలో ఉన్నవాళ్ళతో పాటు, దాని మీద ఆసక్తి చూపినవాళ్ళు కూడా అని ఉంటుంది. అది ఉంచితే నువ్వు వెళ్ళలేని ఊళ్ళ నుంచి క్లిక్‌లు వస్తాయి, కాబట్టి అక్కడ ఉన్నవాళ్ళు మాత్రమే అని మార్చు. కీవర్డ్స్, అంటే జనం ఏ మాటలు వెతికితే నీ యాడ్ కనపడాలో ఆ మాటలు, ఎగ్జాక్ట్ (అదే అర్థం ఉన్న వెతుకులాటలకే), ఫ్రేజ్ (ఆ మాట అర్థం కలిసిన వెతుకులాటలకి) మ్యాచ్‌లతో మొదలుపెట్టు. కాస్త సంబంధం ఉన్న ఏ వెతుకులాటకైనా చూపించే బ్రాడ్ మ్యాచ్ ఇప్పుడే వద్దు, అది ఇచ్చిన డబ్బంతా చిటికెలో ఖర్చుపెడుతుంది. నెగెటివ్ కీవర్డ్స్, అంటే ఏ మాటలుంటే నీ యాడ్ కనపడకూడదో అవి, మొదటి రోజే పెట్టు: ఉచితం, ఉద్యోగం, డీలర్‌షిప్, సెకండ్ హ్యాండ్, ఇంట్లోనే తయారీ, కారు ఫిల్టర్, కాఫీ ఫిల్టర్. మొదటి నెల వారానికి రెండుసార్లు సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తీసి, జనం నిజంగా ఏం టైప్ చేస్తే నీ యాడ్ కనిపించిందో చదువు. సంబంధం లేనివి నెగెటివ్‌లోకి తోయి. ఈ ఒక్క పని శ్రద్ధగా చేయకే చాలామంది డబ్బు కారిపోతుంది. యాడ్‌లో 15 దాకా హెడ్‌లైన్లు ఇవ్వవచ్చు, ఒక్కోటి 30 అక్షరాలు. పదిహేనూ ఒకే మాటని తిప్పి తిప్పి చెప్పేవి కాకుండా, కొన్నిట్లో ప్రాంతం, కొన్నిట్లో 24 గంటల మాట, కొన్నిట్లో ధర రాయి. ధర యాడ్‌లోనే కనిపిస్తే క్లిక్‌లు తగ్గుతాయి, వచ్చేవాళ్ళలో కొనేవాళ్ళ వాటా పెరుగుతుంది. నీ బడ్జెట్‌కి అదే మేలు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌లో కొత్తవాళ్ళు చేసేది, చిన్న బడ్జెట్‌ని పది ముక్కలు చేసి పది రకాల జనానికి చూపించడం. అక్కడి సిస్టమ్ ఒక్కో యాడ్ సెట్‌కి (ఒకే రకం జనానికి చూపించే యాడ్ల గుంపుకి) వారంలో దాదాపు 50 ఫలితాలు వస్తేనే ఎవరికి చూపించాలో బాగా నేర్చుకోగలదు. నీకు వారానికి 40 ఎంక్వైరీలు వచ్చే డబ్బే ఉంటే ఒక్క సెట్టే నడుపు, అందులో మూడు నాలుగు వేర్వేరు వీడియోలు పెట్టు. రెండు రోజులకోసారి మారుస్తూ కూర్చోకు, పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ ఆ నేర్చుకోవడం మొదటికి వస్తుంది. వీడియోని చాలామంది చప్పుడు లేకుండా చూస్తారు, కాబట్టి మాటలు తెర మీద అక్షరాలుగా పడాలి. మొదటి రెండు సెకన్లలో లోగో తిప్పకు, తెల్ల మచ్చలు పడిన గిన్నె చూపించు. హోర్డింగ్ పెడితే ఏడు మాటలు దాటకు, అంతే.

క్లిక్ చేసినవాళ్ళు దిగే పేజీ హోమ్ పేజీ కాకూడదు. యాడ్‌లో ఏ మాట ఇచ్చావో ఆ మాటే పేజీ పైన పెద్ద అక్షరాల్లో కనపడాలి, లేకపోతే తప్పుచోటికి వచ్చామనుకుని వెనక్కి వెళ్ళిపోతారు. ఫోన్‌లో రెండున్నర సెకన్లలోపు ప్రధాన భాగం కనపడాలి. ఫొటోలు అయిదేసి ఎంబీలు ఉంటే అది జరగదు, కుదించి పెట్టించు. ఫారమ్‌లో పేరు, ఫోన్ నంబరు, ప్రాంతం చాలు. పుట్టిన తేదీ, ఈమెయిల్ అడిగిన ప్రతి గడీ కొంతమందిని తోలేస్తుంది. ఇవన్నీ నీ ఆఫీసు వైఫై మీద చూసుకోకు. బయటికి వెళ్ళి, పాత ఫోన్‌లో, మొబైల్ డేటా మీద యాడ్ నొక్కి ఫారమ్ నింపి, ఎంతసేపట్లో నీకే ఫోన్ వస్తుందో చూడు.

కొలత గురించి జాగ్రత్తగా చదువు. గూగుల్ 18 అమ్మకాలు నావల్లే అంటుంది, ఫేస్‌బుక్ 22 నావల్లే అంటుంది, నీ పుస్తకంలో మొత్తం అమ్మకాలు 30 ఉంటాయి. రెండూ చూసిన మనిషిని ఇద్దరూ తమ ఖాతాలో వేసుకుంటారు. ఎలాగూ నీ దగ్గరికి వచ్చేవాళ్ళని కూడా వేసుకుంటారు. 2012లో ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ తన పేరు టైప్ చేసి వెతికేవాళ్ళకి చూపించే యాడ్స్‌ని కొన్ని చోట్ల ఆపి చూసింది. ఆ క్లిక్‌లలో దాదాపు అన్నీ కిందనున్న మామూలు ఫలితం మీద నొక్కి వచ్చేశాయి. అంటే ఉచితంగా వచ్చేవాళ్ళ కోసం అన్నాళ్ళూ డబ్బు కట్టింది. నీ కంపెనీ పేరు మీద యాడ్ పెట్టమని ఎవరైనా చెప్పి, చాలా చవగ్గా అమ్మకాలు వచ్చాయని చూపిస్తే, ముందు ఈ అనుమానం రావాలి.

నిజం తెలుసుకునే దారి ఆపి చూడటమే. ఇంచుమించు ఒకేలా అమ్ముడయ్యే రెండు ప్రాంతాలు తీసుకో. ఒకచోట యాడ్ నడుపు, ఇంకోచోట ఆపు. కానీ చిన్న అంకెలతో మోసపోకు. నెలకి 40 అమ్మకాలుండే చోట ఏమీ మారకపోయినా వచ్చే నెల 34 రావచ్చు, 46 రావచ్చు. ఆ ఊగిసలాట సుమారుగా ఆ అంకె వర్గమూలమంత ఉంటుంది. 41కి, 36కి తేడా చూసి యాడ్ పనిచేసిందనీ చెప్పలేం, చేయలేదనీ చెప్పలేం. ప్రాంతాలు పెద్దవి తీసుకుని, కనీసం మూడు నెలలు ఓపిక పట్టి, రెండు వైపులా కొన్ని వందల అమ్మకాలు పోగయ్యాక చూడు. 400కి, 340కి మధ్య తేడా అయితే నమ్మవచ్చు. రెండు రకాల పేజీల్ని పోల్చేటప్పుడూ ఇదే చిక్కు. 100 మందిలో ఇద్దరు కొనే పేజీ, ఇంకో రకంగా రాస్తే రెండున్నరకి పెరిగిందని తేల్చాలంటే ఒక్కో పేజీకి దాదాపు 14,000 మంది రావాలి. రోజుకి 100 మంది వచ్చే నువ్వు బటన్ రంగు పరీక్షలు పెట్టుకుంటే ఈ ఏడాదికి జవాబు రాదు. ఆఫర్, హామీ, ధర చెప్పే తీరు లాంటి పెద్ద వాటినే పరీక్షించు. వాటి తేడా పెద్దది కాబట్టి తక్కువ మందితో కనపడుతుంది. మధ్యలో ఒకటి ముందుందని చూసి ఆపేయకు, అనుకున్న లెక్క పూర్తయ్యాకే చూడు.

రోజువారీకి ఇంత హంగు అక్కర్లేదు. ప్రతి యాడ్ లింకుకి యూటీఎమ్ గుర్తులు (ఏ యాడ్ నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర చేర్చే మాటలు) పెట్టు, పేర్లు ఎప్పుడూ ఒకేలా చిన్న అక్షరాల్లో రాయి, లేకపోతే ఒకే యాడ్ రిపోర్టులో రెండు వరుసలుగా చీలిపోతుంది. హోర్డింగుకి, కరపత్రానికి వేర్వేరు ఫోన్ నంబర్లు ఇవ్వు. 'మా గురించి ఎక్కడ విన్నారు' అని అడిగి షీట్‌లో రాయించు. ఈ మూడూ కలిపి చూస్తే తప్పు దారి పట్టవు.

యాడ్ బాగా నడుస్తోందని ఖర్చు పెంచేటప్పుడు సగటు చూసి మోసపోవద్దు. 600 పెడితే 60 మంది కస్టమర్లు వచ్చారు, తలకి 10. ఖర్చు 1,000కి పెంచితే 85 మంది వచ్చారు. సగటు 11.8, నీ గీత 12 లోపే ఉంది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ అదనంగా పెట్టిన 400కి అదనంగా వచ్చింది 25 మంది, తలకి 16. తేలిగ్గా కొనేవాళ్ళు ముందే వచ్చేశారు, తర్వాతివాళ్ళు ఖరీదైనవాళ్ళు. ఈ 16 ఏ రిపోర్టులోనూ కనపడదు, నువ్వే తీసివేత చేసుకుని చూడాలి. ఒక్కసారిగా రెట్టింపు చేయకుండా అయిదో వంతు చొప్పున పెంచుతూ, పెంచిన ప్రతిసారీ అదనపు మనిషి ఎంతకి వచ్చాడో రాసుకో. అది 12 దాటిన చోట ఆగి, ఆ డబ్బు ఇంకో దారికి మళ్ళించు.

యాడ్ ఏజెన్సీకి ఇస్తే, గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాలు నీ ఈమెయిల్ మీద, నీ కార్డు మీద తెరిచి, వాళ్ళకి వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వు. వాళ్ళ ఖాతాలో నడిపిస్తే, విడిపోయిన రోజు నీ చరిత్రంతా వాళ్ళతోనే పోతుంది. ఖర్చులో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకుంటే, ఖర్చు తగ్గించమని వాళ్ళు ఎందుకు చెబుతారు? నెలకి ఇంత అని స్థిరంగా మాట్లాడుకో. నెల రిపోర్టులో లైకులు, రీచ్ (ఎంతమందికి కనపడిందన్న అంకె) కాకుండా ఎంక్వైరీలు, అమ్మకాలు, ఒక్కో అమ్మకానికి అయిన ఖర్చు మొదటి పేజీలో ఉండాలని ముందే రాయించుకో.

ఇంకొకటి. మంచి యాడ్ దొరికాక దాన్ని చూసి చూసి నీకే విసుగు పుడుతుంది. చూసేవాళ్ళకి అప్పటికి ఇంకా సరిగ్గా తలకెక్కి కూడా ఉండదు. నీ రంగు, నీ పేరు రాసే తీరు, ఆ ఒక్క హామీ ఏళ్ళ తరబడి మార్చకు. 2009 జనవరిలో ట్రాపికానా తన పండ్లరసం డబ్బా బొమ్మ పూర్తిగా మార్చింది. జనానికి అరల్లో తమ డబ్బా ఏదో గుర్తుపట్టడమే కష్టమైంది, రెండు నెలల్లోపే అమ్మకాలు అయిదో వంతు పడిపోయాయి, పాత డబ్బా తిరిగి తెచ్చారు. ఒకే మనిషికి వారంలో పదిసార్లు అదే వీడియో పడుతోందని ఫ్రీక్వెన్సీ చెబితే వీడియో మార్చు. లోపలి మాట మాత్రం అదే ఉండనీ.

పాత కస్టమర్లకి మెసేజీలు, మెయిళ్ళు పంపేటప్పుడు, కొనేటప్పుడే అనుమతి అడిగి షీట్‌లో గుర్తు పెట్టు. కొన్న నంబర్ల జాబితాలు ముట్టుకోకు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద సంఖ్యలో మెయిళ్ళు పంపేవాళ్ళకి (జీమెయిల్ లెక్కలో రోజుకి 5,000 పైగా) నిబంధనలు గట్టిచేశాయి. ఒక్క నొక్కుతో జాబితాలోంచి బయటికి వెళ్ళే వీలుండాలి, స్పామ్ అని నొక్కేవాళ్ళు 0.3 శాతం లోపు ఉండాలి. నువ్వు అన్ని పంపకపోయినా అదే పద్ధతి పాటించు. కార్ట్రిడ్జ్ మార్చే తేదీకి వారం ముందు వెళ్ళే ఒక్క మెసేజీ నెలనెలా పంపే పండగ శుభాకాంక్షలకంటే ఎక్కువ సర్వీసులు తెస్తుంది. బిగించిన మూడో రోజు ఫోన్ చేసి, నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అని కనుక్కుని, బాగున్నాయంటే రివ్యూ రాయమని లింకు పంపు. బాగాలేవంటే ఆ రోజే మనిషిని పంపు, రివ్యూ మాట ఎత్తకు.

ముందుగా 25, 12 లెక్క నీ అసలు అంకెలతో వేసి పంపు. ఆ తర్వాత మొదటి రెండు వారాల సెర్చ్ టర్మ్స్ రిపోర్టు, ఫోన్ షీటు కూడా పంపితే, ఏవి ఆపాలో, ఏవి పెంచాలో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ బాబాయి